గజ్జెల చప్పుడుంది, పాదాలేవి?

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్ననాడు ఆమె ఇష్టపడి చూసిన ఒక నలుపు తెలుపు సినిమా డీవీడీ దొరికితే కొని తెచ్చి, మా 43 అంగుళాల కొత్త టీవీలో వేశాను. నాట్యం పాట వచ్చేసరికి గజ్జెల చప్పుడు వినిపిస్తోంది కానీ నర్తకి పాదాలు కనబడలేదు. "అప్పట్లో హాల్లో కాళ్లు కనిపించేవే" అని అమ్మ అంటే నాకు సమాధానం తోచలేదు. లోపం టీవీదా, డిస్కుదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మగారి జ్ఞాపకం సరైనదేనమ్మా. 1950లు, 60లలో వచ్చిన తెలుగు సినిమాలు దాదాపు అన్నీ ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37 ఉండే ఫ్రేములో తీసినవి. ఇప్పటి టీవీ తెర వెడల్పు దాని ఎత్తుకు 1.78 రెట్లు. ఆ బొమ్మ ఈ తెరంతా నిండాలంటే అడ్డంగా సాగదీయాలి, లేదా పైనా కిందా కోసేయాలి. సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా మారిపోతారు. కోస్తే ఎత్తులో 23 శాతం, అంటే దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. మీ ఇంట్లో జరిగింది ఈ రెండోదే. పసుమర్తి కృష్ణమూర్తి వంటి నాట్యాచార్యులు అడుగులు సమకూరిస్తే, ఆ అడుగులు ఫ్రేములో పడేలా కెమెరామన్ దూరం చూసుకుని షాట్ పెట్టిన కాలం అది. ఆ పాదాలనే కోసేసి, తెర నిండింది కదా అని అమ్మడం ఆ ఇద్దరి పనికీ అన్యాయమని నా అభిప్రాయం.

ముందుగా టీవీని పరీక్షించండి. రిమోట్‌లో పిక్చర్ సైజు అనో, యాస్పెక్ట్ రేషియో అనో ఉండే చోటికి వెళ్లి, 'జూమ్' ఉంటే తీసేసి 4:3 (పాత టీవీల వెడల్పు, ఎత్తుల లెక్క) గానీ ఒరిజినల్ గానీ ఎంచుకోండి. డీవీడీ ప్లేయర్ సెటప్‌లో 'టీవీ టైప్' అని విడిగా ఒకటి ఉంటుంది, దాన్ని 16:9లో (ఇప్పటి టీవీల లెక్క) ఉంచండి. బొమ్మ సరిగా వస్తే మీ టీవీలో ఇరువైపులా పదకొండు, పన్నెండు సెంటీమీటర్ల చొప్పున నల్లని పట్టీలు మిగులుతాయి, నడుమ బొమ్మ వెడల్పు సుమారు 71 నుంచి 73 సెంటీమీటర్లు ఉంటుంది. టేపు పెట్టి కొలుచుకోవచ్చు. అప్పటికీ పాదాలు కనబడకపోతే కోత డిస్కు తయారీలోనే పడిందన్నమాట, దానికి మీ ఇంట్లో చేయగలిగిన మరమ్మతు ఏదీ లేదు.

డిస్కు సంగతి తేల్చుకోవడానికి నేను చూసేది టైటిల్స్. పాత సినిమాల్లో పేర్లు కార్డు నిండా రాసేవారు కాబట్టి, ఫ్రేము కోసేస్తే అట్టడుగు వరుసలో అక్షరాల కింది ఒత్తులు తెగిపోతాయి, పై వరుసలో గుడులు ఎగిరిపోతాయి. సినిమా మొదలైన రెండు నిమిషాల్లోనే విషయం తెలిసిపోతుంది.

పేరున్న సినిమాలకు కూడా ఈ మార్పు తప్పలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో చిత్రీకరించిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. 2010లో రంగులద్ది, వెడల్పు తెరకు మార్చి మళ్లీ విడుదల చేశారు. రంగులు నచ్చినవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ సినిమాను తొలిసారి చూడబోయే పిల్లలకు మాత్రం, బార్ట్లే వెలుగునీడలు పాత ఫ్రేములో పూర్తిగా ఉన్న నలుపు తెలుపు ప్రతినే ముందు చూపించమని బతిమాలుతాను.

ప్రశ్న: 1980ల నాటి సినిమాస్కోప్ సినిమా డీవీడీ వేస్తే తెరకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. డబ్బు పెట్టి కొన్న బొమ్మలో కొంత కోసేశారేమోనని అనుమానం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ పట్టీలను చూసి దిగులుపడకండి. మన బొమ్మను కోయకుండా ఇచ్చారనడానికి అవే గుర్తు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం చేసిన ఆ చిత్రంలో మన్యం కొండలు తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుంటాయి. ఇలాంటి సినిమాల్లో వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. పాత 4:3 టీవీని నింపడం కోసం వీడియో క్యాసెట్ల కాలంలో ఈ బొమ్మకు రెండు పక్కలా కోత పెట్టేవారు, దాంతో 43 శాతం పోయేది. హీరో ఒక చివర, విలన్ మరో చివర నిలబడి మాట్లాడుకునే సన్నివేశంలో మనకు నడుమనున్న స్తంభం మాత్రమే కనబడి, మాటలు రెండు పక్కల నుంచీ వినిపించేవి. అలా చూసి పెరిగిన మనకు ఇప్పుడు పట్టీలు కొత్తగా ఉండడం సహజమే.

అయితే మీ ఫిర్యాదు మరొకటి కావచ్చు. పట్టీలు నాలుగు వైపులా ఉండి, బొమ్మ నడుమ చిన్న కిటికీలా కనబడుతోందా? అలాగైతే ఆ డిస్కును పాత టీవీల లెక్కలో తయారు చేశారు. మన డీవీడీలో బొమ్మ పైనుంచి కిందికి 576 అడ్డగీతలతో ఏర్పడుతుంది. వెడల్పు టీవీ కోసం తయారు చేస్తే స్కోప్ బొమ్మకు వాటిలో సుమారు 436 దక్కుతాయి, పాత పద్ధతిలో 327 మాత్రమే. జూమ్ నొక్కితే బొమ్మ పెద్దదవుతుంది కానీ ఆ లేని గీతలు ఎక్కడి నుంచీ రావు.

ప్రశ్న: మూడు సినిమాలున్న డిస్కు కొన్నాను. పెట్టె మీద 'డిజిటల్, సూపర్ క్వాలిటీ' అని ఉంది. పోరాట దృశ్యాల్లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చోటు చాలక. 4.7 జీబీల డిస్కులో రెండున్నర గంటల సినిమాలు మూడు కుక్కితే బొమ్మ వివరాలకు సెకనుకు 1.4 మెగాబిట్ల లోపు చోటే మిగులుతుంది. అదే నిడివి గల ఒక్క సినిమాను 8.5 జీబీల డిస్కులో పెడితే సెకనుకు ఏడున్నర దాకా ఇవ్వవచ్చు. నిలకడగా కూర్చుని మాట్లాడే సన్నివేశం ఆ కొద్దిపాటిలో నెట్టుకొస్తుంది కానీ, దుమ్ము లేచి జనం పరుగెత్తేసరికి ప్రతి క్షణం బొమ్మంతా మారుతుంది కాబట్టి గళ్లు పడతాయి. ఇక మీద కొనేటప్పుడు పెట్టె మీది విశేషణాలను పక్కన పెట్టి, అంగడిలోనే ఒక ముఖాన్ని దగ్గరగా చూపే దృశ్యం వేయించుకుని చూడండి. ఫిలిం నుంచి శ్రద్ధగా తీసిన బొమ్మలో సన్నని ఇసుక పరిచినట్టు ఒక గరుకు కదులుతూ ఉంటుంది, చీర నేత తెలుస్తుంది, కణత మీది వెంట్రుకలు విడివిడిగా కనబడతాయి. ఆ గరుకును మచ్చ అనుకుని తుడిచేసిన బొమ్మలో ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉంటాయి. అలా ఉంటే ఆ డిస్కు కొనకండి.