అమ్మాయి రైఫిల్ కన్నా ముందు మామగారి తుపాకీ సంగతి చూడండి

ప్రశ్న: లాయర్ గారూ, మేం విశాఖపట్నం మధురవాడలో ఉంటాం. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానని ఒకటే పట్టు. ఎయిర్ రైఫిల్ కొనడానికి లైసెన్స్ కావాలా? ఈ వయసు పిల్ల తుపాకీ పడితే కేసు అవుతుందేమోనని మావారికి టెన్షన్. ఇంకో సంగతి. మా బావగారి అబ్బాయికి 22 ఏళ్లు, ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. మాడుగుల దగ్గర బావగారు ఉండే మా ఊరి ఇంట్లో మామగారి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. దాంతో ప్రాక్టీస్ చేసుకోవచ్చా?
- ఒక తల్లి, మధురవాడ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయానికే ముందు జవాబు చెబుతాను. మీ అమ్మాయి విషయంలో భయపడాల్సింది ఏమీ లేదు. భయపడాల్సింది ఊళ్లో ఉన్న ఆ తుపాకీ గురించే.

తుపాకీ లైసెన్స్ మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. మీ మామగారు పోయిన రోజే ఆ లైసెన్స్ ఆధారం పోయింది. ఇప్పుడు ఆ తుపాకీ ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ల దగ్గర లైసెన్స్ లేకుండా ఉన్నట్టే. 1959 ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, దీనికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా కూడా. 'మాకు తెలియదండీ, జ్ఞాపకంగా ఉంచుకున్నాం' అంటే కోర్టులో నిలబడదు. మీ బావగారు ఎంత మంచివారైనా ఆ తుపాకీ దొరికేది ఆయన ఇంట్లోనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అదే చట్టం 21వ సెక్షన్ దీనికి దారి చూపిస్తుంది. తుపాకీని, మిగిలిన తూటాలను అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రెండేళ్లు గడిచాయి కాబట్టి చేతులు ఊపుకుంటూ వెళ్లొద్దు. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్స్ పుస్తకం, ఆలస్యానికి కారణం రాసిన ఉత్తరం పట్టుకుని ముందు స్టేషన్ అధికారిని కలవండి, వీలైతే లాయరుతో. తుపాకీని మోటార్ సైకిల్ మీదో బస్సులోనో వేసుకుని మీరే తీసుకెళ్లొద్దు. ఎలా అప్పగించాలో వాళ్లనే చెప్పమనండి. అప్పగించాక నంబరుతో సహా రాసిన రసీదు తీసుకోండి. ఆ కాగితం లేకుండా ఇంటికి రావద్దు.

ఆ తర్వాత వారసుడిగా మీ బావగారు గానీ, మీ వారు గానీ, 21 ఏళ్లు నిండాయి కాబట్టి కుటుంబం ఒప్పుకుంటే ఆ అబ్బాయి గానీ తన పేరున లైసెన్స్‌కు దరఖాస్తు చేయవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ప్రత్యేకంగా ఏర్పాటు ఉంది. మిగతా వారసులంతా అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువగా ఆగేది ఇక్కడే. పొలం పంపకంలో మాట పట్టింపు వచ్చిన ఆడపడుచు సంతకం పెట్టదు, తుపాకీ స్టేషన్‌లోనే తుప్పు పడుతుంది. మీ ఇంట్లో అందరూ మాట్లాడుకునే రోజుల్లోనే ఆ సంతకాలు తీసుకోండి.

అయితే ట్రాప్ నేర్చుకోవడానికి ఆ తుపాకీ పెద్దగా పనికిరాదని అబ్బాయికి నచ్చజెప్పండి. ట్రాప్‌లో వాడేది ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే పన్నెండు బోరు తుపాకీ. మట్టి పళ్లెం గాల్లోకి దూసుకెళ్తుంటే కొట్టాలి. తాతల నాటి తుపాకీకి గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, పైగా అది ఎంత పాతదో, లోపల ఎలా ఉందో తెలియదు. ముందు అతను క్లబ్బులో చేరి, కోచ్ పర్యవేక్షణలో క్లబ్ తుపాకీతో మొదలుపెట్టాలి.

ఇక మీ అమ్మాయి సంగతి.

పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 అంగుళం. దాని గుండు శక్తి సుమారు ఏడున్నర జౌల్స్. బోరు పాయింట్ 177 దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి మీరు కొనవచ్చు. మీ పేరుతో, మీ గుర్తింపు కార్డుతో కొనండి. బిల్లు మీద బోరు, మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి 'కాస్త పెద్దది, బాగా కొడుతుంది' అన్న మాట విని కొడుక్కి 5.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్ కొన్నాడు. దానికి లైసెన్స్ కావాలని ఆయనకు తెలియదు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, చట్టం దృష్టిలో మాత్రం రెండూ వేరు.

వయసు సంగతికి వస్తే, 21 ఏళ్లు నిండనివారు లైసెన్స్ కావాల్సిన తుపాకీ సొంతంగా ఉంచుకోకూడదని ఆయుధాల చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. కానీ అదే సెక్షన్ శిక్షణకు మినహాయింపు ఇచ్చింది. 12 ఏళ్లు నిండితే పెద్దవాళ్ల ప్రత్యక్ష పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు. మీ అమ్మాయికి 14. షూటింగ్ రేంజ్‌లో కోచ్ పక్కన ఉండగా ఆమె రైఫిల్ పడితే అది నేరం కాదు. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి.

కానీ డాబా మీద ప్రాక్టీస్ మాత్రం వద్దే వద్దు. గుండ్లు వేయకుండా నిలబడటం, గురి చూడటం ఇంట్లో చేసుకోనివ్వండి, మంచి షూటర్లందరూ చేసేదే. గుండు పక్కింటి పిల్లవాడి కంటికి తగిలితే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఆ బిడ్డ కన్ను ఎలాగూ తిరిగి రాదు. పిట్టల మీద గురి అసలే వద్దు, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. మీ పక్కనే కంబాలకొండ అభయారణ్యం ఉంది కదా, రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అందులో అడుగుపెట్టకూడదు. ఆదివారం ట్రెక్కింగ్‌కు వెళ్లేటప్పుడు రైఫిల్ సంచి కారులో ఉండకుండా చూసుకోండి.

కంబాలకొండ మాట వచ్చింది కాబట్టి విశాఖలో చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. మధురవాడ, ఎండాడ, ఎంవీపీ కాలనీ అన్నీ ఆ పరిధిలోకి వస్తాయి. రేపు మీ అమ్మాయి పెద్దదై పాయింట్ 22 రైఫిల్‌కు, లేదా మీ బావగారి అబ్బాయి మీ ఇంటి చిరునామాతో ట్రాప్‌లో వాడే షాట్‌గన్‌కు దరఖాస్తు చేస్తే, ఫైలు పోలీసుల దగ్గరే కాదు, అటవీ శాఖ దగ్గర కూడా ఆగుతుంది. ఆ సమ్మతి గురించి మొదటి రోజే అడిగితే నెలలు కలిసొస్తాయి.

దరఖాస్తు ఎక్కడ చేయాలన్నది కూడా చిరునామాను బట్టే. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనరే లైసెన్స్ ఇచ్చే అధికారి. మీకు విశాఖ కమిషనర్. మాడుగుల 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది, అక్కడ ఉండేవారికి అనకాపల్లి కలెక్టర్. మామగారి లైసెన్స్ పాత ఉమ్మడి జిల్లా కాలంలోది కాబట్టి ఆ రికార్డు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉందో ముందే కనుక్కోండి.

క్రీడ కోసం అడిగేవారిని, ప్రాణభయం ఉందని అడిగేవారిని చట్టం ఒకేలా చూడదు. చాలామంది ఆత్మరక్షణ అని రాసి, కారణం చూపించలేక తిరస్కరణ తెచ్చుకుంటారు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చదవండి. కేంద్రం గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు గురి సాధన కోసం పాయింట్ 22 రైఫిల్ అడిగినా, పౌరుడు క్రీడ కోసం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న షాట్‌గన్ అడిగినా, వేరే అభ్యంతరం లేకపోతే అధికారి లైసెన్స్ 'ఇవ్వాలి' అని ఉంది. అందుకే క్లబ్ సభ్యత్వం తుపాకీ కన్నా ముందు రావాలి. చేరేముందు ఆ క్లబ్బుకు రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ ద్వారా నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌తో అనుబంధం ఉందో లేదో కాగితం చూపించమని అడగండి. బోర్డు మీద 'అకాడమీ' అని ఉన్నంత మాత్రాన సరిపోదు. మీ అమ్మాయి ఆడిన ప్రతి పోటీ స్కోరు షీటు, సర్టిఫికెట్ ఒక ఫైల్లో దాచండి, రేపు లైసెన్స్ అడిగేటప్పుడు ఆమె తరఫున మాట్లాడేవి అవే. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే.

ఎప్పుడైనా లైసెన్స్ తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావద్దు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. కారణాలు రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది, దానికి గడువు కూడా ఉంటుంది కాబట్టి ఉత్తర్వు అందిన రోజు తేదీ కవరు మీదే రాసి పెట్టుకోండి.