రెండు ఇన్‌స్ట్రుమెంట్లు, రెండు జవాబులు: ఏది తీసేయాలి?

ఇన్‌స్ట్రుమెంట్‌గా (అంటే చదువును మార్చేది, జీతాన్ని మాత్రం చదువు ద్వారా తప్ప తాకనిది) కాలేజీ దూరం ఒక్కటే వాడితే జీతం మీద చదువు ప్రభావం 0.14, ఫీజు ఒక్కటే వాడితే 0.06, రెండూ కలిపితే సార్గన్ టెస్టు (ఇన్‌స్ట్రుమెంట్లు ఒకే జవాబు ఇస్తున్నాయా అని చూసేది) ఫెయిలవుతోంది, ఏది తీసేయాలి అని అడిగారు. తొందరపడి ఏదీ తీసేయకండి.

దూరం తగ్గితే చదువుకునేవాళ్లు వేరు, ఫీజు తగ్గితే చదువుకునేవాళ్లు వేరు. 1994లో ఆర్థికవేత్తలు ఇంబెన్స్, యాంగ్రిస్ట్ చూపించింది ఇదే: ఇన్‌స్ట్రుమెంట్ వల్ల నిర్ణయం మార్చుకున్నవాళ్ల సగటు ప్రభావమే మనకు దొరుకుతుంది. అంటే రెండూ సరైనవే అయినా అంకెలు తేడాగా రావచ్చు. సార్గన్ టెస్టేమో ప్రభావం అందరికీ ఒకటే అనుకుని లెక్కకడుతుంది.

నాకైతే దూరం మీదే అనుమానం. కాలేజీకి దగ్గరగా ఉండేది ఎక్కువగా పట్టణాలవాళ్లు, అక్కడ జీతాలు మామూలుగానే ఎక్కువ. పట్టణమా పల్లెటూరా అన్నది కంట్రోల్‌గా (దాని ప్రభావాన్ని విడదీసే అదనపు వేరియబుల్‌గా) పెట్టి మళ్లీ రన్ చేయండి. 0.14 బాగా పడిపోతే ఆ తేడాలో చాలా భాగం ఊరిదే, చదువుది కాదు.

ఇంకొకటి, ఇది చాలామంది చూడరు. రెండు ఇన్‌స్ట్రుమెంట్లూ కలిపితే వచ్చిన టూ స్టేజ్ (ముందు ఇన్‌స్ట్రుమెంట్లతో చదువును, తర్వాత ఆ అంచనాతో జీతాన్ని లెక్కకట్టే పద్ధతి) అంకె 0.14, 0.06ల వెయిటెడ్ సగటు. ఫస్ట్ స్టేజ్‌లో రెండూ కలిపి పెట్టినప్పుడు ఒకదాని గుణకం గుర్తు (ప్లస్, మైనస్) తారుమారైతే దాని వెయిట్ నెగటివ్ అవుతుంది. ఆ గుణకాలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఫస్ట్ స్టేజ్ ఎఫ్ విలువ (ఇన్‌స్ట్రుమెంట్లు చదువును ఎంత బలంగా మారుస్తున్నాయో చెప్పేది) 10 కంటే తక్కువుంటే అదీ చెప్పండి.