స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు, స్థలం అమ్మేయమంటారా?

ప్రశ్న: మాది టంగుటూరు. మా వారికి ఎరువుల కొట్టు ఉంది, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరిదీ కలిపి ఏడాదికి ఆరున్నర లక్షల దాకా వస్తుంది. పాపకు ఇంటర్ ఎంపీసీలో 964 వచ్చాయి. చెన్నై వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు సీఎస్‌ఈలో 40 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ట్యూషన్ ఫీజు 3,60,000, హాస్టల్ 1,30,000. కౌన్సెలింగ్‌లో ఒంగోలులో సీటు వచ్చేలా ఉంది. అక్కడ ఫీజు 70,000, కాలేజీ బస్సుకు 25,000. ఉన్నవాళ్లకు డబ్బుంది, లేనివాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఉంది. మధ్యలో మాకేమీ లేదా? ఒంగోలులో ఉన్న నాలుగు సెంట్ల స్థలం అమ్మి చేర్చమంటారా?

జవాబు: అమ్మా, స్థలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు లెక్క చూద్దాం.

వాళ్లు తగ్గించేది ట్యూషన్ ఫీజులోనే. హాస్టల్‌కు తగ్గింపు లేదు. 40 శాతం పోగా ట్యూషన్ 2,16,000, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3,46,000. నాలుగేళ్లకు 13,84,000. ఒంగోలులో ఏడాదికి 95,000 చొప్పున నాలుగేళ్లకు 3,80,000. అంటే ‘స్కాలర్‌షిప్’ వచ్చాక కూడా మీరు పది లక్షలు ఎక్కువ కడుతున్నారు! సంక్రాంతి ముందు రేటు పెంచి డిస్కౌంట్ బోర్డు పెట్టే బట్టల షాపు లెక్కే ఇది. పాప తెలివిని తక్కువ చేయడం లేదు, 964 మామూలు మార్కులు కావు. కానీ ఆ ఫోన్ చేసే అబ్బాయికి సీటు నింపడం పని, మీ ఇంటి లెక్క అతనికి పట్టదు.

ఇంకో మాట. ఇలాంటి తగ్గింపులకు చాలా చోట్ల ఏటా ఇంత సీజీపీఏ (సగటు గ్రేడు) ఉండాలని, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) కూడా ఉండకూడదని షరతు పెడతారు. మొదటి ఏడాది మ్యాథ్స్‌లో ఒక సబ్జెక్టు పోయి తగ్గింపు రద్దయితే, మిగిలిన మూడేళ్లూ ఏటా 1,44,000 అదనం. మొత్తం 18,16,000 అవుతుంది. షరతులేమిటి, ఒకసారి పోతే మళ్లీ ఇస్తారా, ఏటా ఫీజు పెరుగుతుందా? ఇవన్నీ ఫోన్లో కాదు, కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనంటే మీకు జవాబు దొరికినట్టే.

మధ్యలోవాళ్లకు ఏమీ లేదన్నారు. సగం నిజం. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పరిమితి 2.5 లక్షలు. ఇంటర్ మార్కుల మీద కేంద్రం ఏడాదికి 12,000 ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 4.5 లక్షలు. ఈ రెండూ మీకు వర్తించవు. కానీ 8 లక్షల గీత మీద నిలబడ్డ పథకాలు కొన్ని ఉన్నాయి, మీలాంటి ఇళ్లు వాటినే వదిలేస్తుంటాయి. ఇంజినీరింగ్ కాలేజీలకు ఆమోదం ఇచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకే. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో మొదటి ఏడాది చేరినవాళ్లు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఏడాదికి 50,000. కచ్చితంగా వస్తుందని నేను చెప్పలేను, ఎంపిక మార్కుల మీదే. వస్తే మాత్రం ఒంగోలు చదువు నాలుగేళ్లకూ 1,80,000తో అయిపోతుంది. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ విద్యార్థులకు కోర్సు మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తుంది. దానికి కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉంటే చాలు. అయితే తక్కువ ఆదాయం వాళ్లకే ముందు ప్రాధాన్యం, ఆప్టిట్యూడ్ పరీక్ష కూడా ఉంటుంది. అదీ మొదటి ఏడాదివాళ్లకే. రెండో ఏడాదిలో గుర్తొస్తే లాభం లేదు.

ఇంత చెప్పినా పాప ఆ యూనివర్సిటీయే కావాలంటే, స్థలం కాదు, విద్యా రుణం చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద, చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉంటుంది. అయితే ఆ యూనివర్సిటీ పథకం జాబితాలో ఉండాలి, సీటు మేనేజ్‌మెంట్ కోటాది కాకూడదు. డబ్బు కట్టకముందే జాబితా చూసుకోండి. రుణం తీసుకుంటే దాని వడ్డీ మీద పన్ను మిగులుతుందని ఎవరైనా ఊరిస్తే పట్టించుకోకండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీ ఆదాయానికి కొత్త విధానంలో కట్టాల్సిన పన్నే లేదు.

ఒంగోలు సీటుకైనా ఏటా 95,000 సిద్ధంగా ఉండాలి కదా. మీ కొట్టు సంగతి ఊహించగలను. రైతులు ఖాతాలో ఎరువులు తీసుకెళ్తారు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముడుపోయాకే బాకీ తీరుస్తారు. ఆ వసూళ్లు చేతికొచ్చే నెలల్లోనే మీ వారి చేత పాప పేరు మీద విడిగా వేయించండి. కొట్టు ఖాతాలో ఉంచితే కొత్త సరుకుకు వెళ్లిపోతుంది. కాలేజీ ఫీజు అడిగేసరికి బంగారం బ్యాంకుకు వెళ్లాల్సి వస్తుంది. మీ జీతంలోంచి నెలకు 3,000 ఆర్‌డీ కడితే పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు ఇబ్బంది ఉండదు.

ఈ వారంలోనే సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. పాప పేరు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకేలా ఉందో, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక లేదుగదా అని చూడండి. ఖాతాకు ఆధార్ లింక్ కాకపోతే మంజూరైన డబ్బు కూడా పాప చేతికి రాదు.