ఆపరేషన్‌కు ముందు పేరు అన్నిసార్లు ఎందుకు అడుగుతారు?

కర్నూలులో మీ నాయనకు హెర్నియా ఆపరేషన్ అన్నారు. పేరేంటి, ఏ వైపు అని ముగ్గురు అడిగేసరికి టెన్షన్ పడ్డామన్నారు. తెలీక కాదండీ, పొరపాటు జరగకూడదనే అడుగుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. పేరు, ఏ వైపు అన్నవీ అందులోవే. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని థియేటర్ నుంచి పంపేముందు ఆగి, పైకి చదివి సరిచూస్తారు. వాడిన గాజుగుడ్డలు, సూదులు కూడా లెక్కపెడతారు. ఢిల్లీతో సహా 8 నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఒక్క కాగితంతో ఇంత తేడా! అయితే కెనడాలోని ఒంటారియోలో అంత ఫలితం కనబడలేదు. ఉత్తుత్తి టిక్కులు కొడితే లాభమేముంటుంది?

నాయన్ను విసుక్కోకుండా తన పేరు తనే చెప్పమనండి. "ఫలానా ఆయనేనా?" అంటే భయంలో ఎవరైనా ఊ అనేస్తారు. పడని మందులుంటే అదీ అప్పుడే చెప్పాలి.