అందరూ ‘పర్వాలేదు’ అని టిక్కు పెడుతుంటే

మీ ఇబ్బంది అర్థమైందండీ. రాయదుర్గం వైపు కన్నడ మాధ్యమంలో చదివి అనంతపురం వచ్చిన పిల్లలనూ తెలుగు మాధ్యమం వారినీ, కొత్త చోట ఎలా కుదురుకున్నారో ఇంగ్లీషు నుంచి అనువదించిన ప్రశ్నావళితో పోలుస్తుంటే, అందరూ ‘పర్వాలేదు’ దగ్గరే టిక్కు పెట్టారన్నారు. నా అనుమానం అనువాదం మీదే. ‘అడ్జస్ట్‌మెంట్’ను ‘సర్దుకుపోవడం’ అని రాస్తే మన ఇళ్లలో ఓర్చుకోవడమనే అర్థం. ‘ఓర్చుకుంటున్నారా’ అంటే కాదని ఎవరంటారు? ఇంగ్లీషు మూలం చూడని మరొకరితో మీ తెలుగు ప్రతిని తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, తేడా వచ్చిన వాక్యాలు మార్చండి. వేర్వేరు సంస్కృతుల వారిని పోల్చే పరిశోధనల కోసం బ్రిస్లిన్ అనే పరిశోధకుడు 1970లో వివరించిన పద్ధతి ఇదే. కన్నడ ప్రతికీ అంతే. ‘సర్దుకున్నారా’ అనే బదులు ‘హాస్టల్లో భోజనానికి ఎవరి పక్కన కూర్చుంటారు?’ అని అడిగి చూడండి, నోరు విప్పుతారు.

చేరి ఎన్ని నెలలైందో తప్పక రాయించండి. లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా వెళ్లొచ్చిన నార్వే వారిని అడిగితే, అక్కడ 6 నుంచి 18 నెలలు ఉన్నవారే తక్కువగా కుదురుకున్నారని తేలింది. కొత్తవారినీ రెండో ఏడాది వారినీ కలిపేస్తే ఆ తేడా మీకు కనబడదు.