గెకో తోక ఊడింది... కుట్లు వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం డాలస్‌లో ఉంటాం. మా తొమ్మిదేళ్ల బాబు రెండేళ్లుగా లెపర్డ్ గెకో అనే బల్లిని పెంచుకుంటున్నాడు. మొన్న ట్యాంకు మూత జారి దాని తోక మీద పడింది. బాబు కంగారుపడి తోక పట్టుకుని లాగాడు. అది దాదాపు మొదలంటా ఊడివచ్చి కార్పెట్ మీద గిలగిలా కొట్టుకుంది. రక్తం పెద్దగా రాలేదు. గాయానికి కాస్త పసుపు అద్దాను. తోకను జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం. అతికించవచ్చా? మళ్లీ వస్తుందా? రెండు రోజులుగా అది పురుగుల్ని ముట్టడం లేదు. మా దగ్గరికి వచ్చిన అత్తగారేమో అపశకునం అంటున్నారు. బాబు ఏడుపు ఆపడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఫ్రిజ్‌లోని ఆ కవర్ తీసి పారేయండి. ఆ తోకను అతికించడం ఎవరి వల్లా కాదు, ఆ అవసరమూ లేదు. లెపర్డ్ గెకోకు తోక మళ్లీ వస్తుంది. ఈ ఒక్క మాట బాబుకు ఇప్పుడే చెప్పేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

చీపురు దెబ్బకు తోక వదిలేసి ట్యూబ్‌లైట్ వెనక్కి దూరే బల్లిని మనలో చూడనివాళ్లు ఉండరు. మీ గెకో చేసిందీ అదే. అదీ ఒక రకం బల్లే. కాకపోతే దీనికి కనురెప్పలుంటాయి, గోడలెక్కడం రాదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్లనేలలు దీని పుట్టిల్లు. అంటే అత్తగారికి ఇది మరీ పరాయి జీవేమీ కాదు.

తోకలోని వెన్నుపూసల్లో చాలావాటికి అడ్డంగా ఒక బలహీనమైన గీత ఉంటుంది. పూసకూ పూసకూ మధ్య కాదు, పూసలోనే. పాత తపాలా బిళ్లల షీట్లకు చింపడానికి వీలుగా చిల్లులు వేసేవాళ్లు, గుర్తుందా? అలాంటిదన్నమాట. ప్రాణం మీదికి వచ్చిందనుకోగానే గెకో కండరాలు బిగించి అక్కడ తనే విరుచుకుంటుంది. రక్తనాళాలు వెంటనే ముడుచుకుపోతాయి. మీకు రక్తం పెద్దగా కనిపించకపోవడానికి కారణం అదే. బాబును బాగా భయపెట్టింది తోక కొట్టుకోవడమే అయ్యుంటుంది. అది నొప్పితో కాదు. తెగిన ముక్కలో మిగిలిన వెన్నుపాము మెదడుతో పని లేకుండానే కాసేపు కండరాలను ఆడిస్తుంది. 2009లో ఇదే జాతి తోకల్ని గమనించిన శాస్త్రవేత్తలకు అవి మూడు సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎగిరి పల్టీలు కొట్టడం కనిపించింది. శత్రువు ఆ తమాషా చూస్తుండగా అసలు ప్రాణి తప్పించుకుంటుంది.

ఇక పసుపు. చదవగానే నవ్వొచ్చింది, మా అమ్మయినా అదే చేసేది. పచ్చి గాయానికి పొడి అంటుకుంటే లోపల మట్టి చేరినట్టే. గోరువెచ్చటి స్టెరైల్ సెలైన్ పోసి, రుద్దకుండా కడగండి. ఆయింట్‌మెంట్లు వద్దు. ముఖ్యంగా మన కోసం చేసినవాటిలో నొప్పి తగ్గించే మందు కలిపినవి ఇలాంటి ప్రాణులకు ప్రమాదం. కట్టు కట్టొద్దు, కుట్లు అసలే వద్దు. కుట్టి మూసేస్తే కొత్త తోక మొలిచే దారి మూసుకుపోతుంది.

ట్యాంకులో ఇసుక, కొబ్బరిపొట్టు ఉంటే తీసేసి పేపర్ టవల్ పరచండి, మురికైతే మార్చండి. తినకుండా మిగిలిన మిడతల్ని రాత్రి లోపల వదలొద్దు. అవి గాయాన్ని కొరుకుతాయి. వెచ్చటి వైపు నేల 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, చల్లటి వైపు 75–80 ఉండాలి. చలిగా ఉంటే తిన్నది అరగదు, గాయమూ త్వరగా మానదు.

తోక పోవడం వల్ల అసలు నష్టం ఇదీ: తోక దానికి గాదె. కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది. ఇప్పుడు ఆ గాదె పోయింది, కొత్తది కట్టుకోవడానికీ తిండి కావాలి. భయం వల్ల రెండు రోజులు తినకపోవడం మామూలే. బలవంతంగా నోట్లో పెట్టకండి. తినడం మొదలెట్టాక రోజు మార్చి రోజు కాకుండా రోజూ మేత పెట్టండి. పురుగులకు విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడి అద్దండి. తెల్లటి వ్యాక్స్‌వర్మ్‌లు మాత్రం వారానికి ఒకటీ రెండూ చాలు. చిప్స్ మరిగిన పిల్లలు అన్నం ముట్టనట్టు, వాటి రుచి మరిగితే ఇది ఇంకేదీ ముట్టదు. గ్రాముల్లో చూపే చిన్న త్రాసు ఒకటి దీనికోసమే కొని, రెండు రోజులకోసారి తూచి రాసుకోండి. ఈరోజు బరువులో పదో వంతు తగ్గినా, వారం దాటినా తినకపోయినా డాక్టర్‌కు చూపించండి.

గాయం మొదట్లో ఎర్రగా పచ్చిగా కనిపిస్తుంది. కొన్నాళ్లకు పొక్కు కడుతుంది, దాన్ని గిల్లొద్దు. అది రాలాక బియ్యపు గింజంత మొన కనిపిస్తుంది. అక్కణ్నుంచి చకచకా పెరుగుతుంది. మొత్తం మీద రెండు నెలలు అనుకోండి. వచ్చేది మాత్రం పాత తోక కాదు. పొట్టిగా, గుత్తివంకాయలా ఉబ్బి, నున్నగా ఉంటుంది. పాత చారలు, వలయాలు రావు. లోపల పూసలకు బదులు మృదులాస్థి గొట్టం ఉంటుంది కాబట్టి ఆ కొత్త భాగం మళ్లీ ఇలా ఊడదు. బాబుకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే “ఇది వేరే తోక” అని మళ్లీ మొదలెడతాడు. స్నేహితుల ఇళ్లలో క్రెస్టెడ్ గెకో అనే మరో రకం ఉంటే దాని సంగతి వేరు. దాని తోక పోతే మరి రాదు. అయినా హాయిగా బతుకుతుంది.

ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు: మోడు వాయడం, నలుపు ఒంటివైపు పాకడం, దుర్వాసన, చీము. వీటి చీము మనదిలా కారదు, పనీర్ తురుములా గట్టిగా ఉంటుంది కాబట్టి చాలామంది పోల్చుకోలేరు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రతి క్లినిక్‌లో గెకోలను చూడరు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ ఆంఫీబియన్ వెటెరినేరియన్స్ వెబ్‌సైట్‌లో మీ దగ్గర్లోని వాళ్లను వెతకండి.

మీ ఇంటి గురించి కూడా ఒక మాట. ఈ జీవుల పేగుల్లో సాల్మొనెల్లా ఉండొచ్చు, వాటికి ఏ జబ్బూ కనిపించకపోయినా సరే. గాయాన్ని తాకిన వేళ్లే మళ్లీ పసుపు డబ్బాలోకి వెళ్లి ఉంటే ఆ పసుపు పారబోయండి. ఫ్రిజ్‌లో కవర్ పెట్టిన అర తుడవండి. దాని గిన్నెలు కిచెన్ సింక్‌లో కడగొద్దు. పెద్దావిడ ఇంట్లో ఉన్నారు కాబట్టి చేతులు కడుక్కునే విషయంలో మొహమాటం వద్దు.

అపశకునం సంగతంటారా, మా ఇంటి పంచాంగంలో బల్లి మీద పడితే ఫలితం ఏమిటో ఒక పేజీ ఉండేది. బల్లికే ఏమైనా అయితే ఫలితం ఏమిటో అందులో చూసిన గుర్తు లేదు.

బాబును తిట్టకండి. గాయం మానేదాకా చేతిలోకి తీసుకోవద్దనండి. ఆ తర్వాత పైనుంచి పట్టుకోకుండా, పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తడం నేర్పించండి. మూత జారిందన్నారు కదా, దాన్ని బిగించే క్లిప్పులు పెట్ స్టోర్‌లో దొరుకుతాయి. ఈ వారాంతంలోనే కొనేయండి.