పొడి చల్లితే బురద దిగదు

ప్రశ్న: సారూ నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న గ్రానైట్ కటింగ్ షెడ్డు. కోతల నుంచి వచ్చే తెల్లబురద నీళ్ళు రెండ్రోజులైనా తేటపడ్తలేవు, మళ్ళ మిషన్లకు వాడరాకుంట అయితున్నయ్. ఎవరో చెప్తే పాలిమర్ పొడి తెచ్చి ట్యాంకుల రెండు దోసిళ్ళు చల్లి మోటరుతోని కలిపినం. ముందు కొంచెం దిగింది, తర్వాత నీళ్ళన్నీ జిగురుజిగురు అయినయ్, ఫిల్టర్ ప్రెస్ (బురదను గుడ్డల నడుమ ఒత్తి నీళ్ళు పిండే మిషన్) గుడ్డలు పూడుకపోయినయ్. మందు డూప్లికేటా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మందును అనుమానించే ముందు వాడిన తీరు చూద్దామన్నా, నాకైతే తప్పంతా అక్కడ్నే కనిపిస్తుంది. మీ బురదల 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు) రేణువు గంటకు సెంటీమీటరు చిల్లర మాత్రమే దిగుతది, అంటే అడుగు లోతు దిగనీకె ఒక రోజు, అంతకన్నా సన్నదైతే దినాలు. పైగా రేణువులన్నిటికీ నెగెటివ్ చార్జి, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటయ్. మన ఊర్లల్ల వెనకట కుండ లోపల చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళు తేట చేసేటోళ్ళు చూడండి, పాలిమర్ పని కూడ దాదాపు అదే. పాలీఅక్రిలమైడ్ అంటే శానా పొడుగు దారం, ఒక్కో దారం పక్కపక్క రేణువులను పట్టి ముద్ద చేస్తది, ముద్ద పెద్దదైతే గబగబ దిగుతది.

మరి ఆ దారం విప్పుకోవాలె కదా. పొడి డైరెక్టుగ వేస్తే పైన తడిసి లోపల ఎండిపోయిన చేపకండ్లలాంటి ఉండలైతయ్. లీటరు తేటనీళ్ళకు 1 గ్రాము లెక్కన, నీళ్ళు సుడి తిరుగుతుండంగ కొంచెం కొంచెం చల్లాలె, తర్వాత నెమ్మదిగ తిప్పుకుంట గంట సేపు నాననియ్యాలె, వాడేముందు ఇంకో పదింతలు నీళ్ళు కలపాలె. బురదల పోసినంక మోటరుతోని దంచొద్దు, దారాలు తెగితే మళ్ళ అతకవు.

డోసు సంగతి ఇంకా ముఖ్యం. ఎండు రాతిపొడి టన్నుకు పాలిమర్ 50 గ్రాములతోని మొదలు పెట్టండి. లీటరు బురదల 50 గ్రాముల రాతిపొడి ఉందనుకుంటే, ఆ లీటరుకు పాలిమర్ రెండున్నర మిల్లీగ్రాములే, అంటే మీరు నానబెట్టిన నీళ్ళు, పదింతలు కలపకముందు లెక్కన, రెండున్నర మిల్లీలీటర్లు. నాలుగైదు గాజు జార్లల్ల బురద తీసుకొని సిరంజితోని తలా ఒక డోసు వేసి, మెల్లగ తిప్పి ఆపి, ఏ జారుల పైనీళ్ళు ముందు తేటపడ్తయో చూడండి. ఎక్కువేస్తే రేణువు చుట్టూ దారమే నిండిపోయి పక్కదాన్ని పట్టనీకె జాగా ఉండదు, మిగిలిన దారం నీళ్ళల్ల జిగురైతది, ఆ జిగురే మీ గుడ్డల్ని మూసింది. ఇంకోటి, దూదిలాంటి పెద్ద ముద్దలు చూసి మురవకండి, అవి లోపల నీళ్ళు దాచుకుంటయ్, ప్రెస్సుకు చిన్నగ గట్టిగున్న ముద్దలే మంచియి.

రాతిపొడికి మామూలుగ అనయానిక్ రకం, అంటే అది కూడ నెగెటివ్ చార్జిదే అయినా, పనికొస్తది, కానీ రెండు రకాల శాంపిళ్ళు అడిగి జార్లల్లనే తేల్చుకోండి. షెడ్డుల పాలిమర్ పొడి ఒలికితే మాత్రం నీళ్ళు కొట్టకండి, కాలు పెడితే జర్రున జారుతది, ఇసుక చల్లి ఊడ్చండి.